ఏటి వెంట నడక



నడక మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడిగితే నవ్వు వచ్చును. వైద్యులందరూ నడవమనే చెపుతారు. మన మునులు దీక్ష తీసుకొన్న నాటి నుండి నడుస్తూనే ఉంటారు. ఇక ఇందులో ధర్మసందేహానికి తావెక్కడ అని మీరు అనవచ్చును. నేను శాస్త్రం చదివినవాణ్ణి కాను. హైస్కూలు చదువు ముగియగానే కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాణ్ణి. అయినా నాకీ సందేహం కలిగినది. కలిగి రెండేండ్లు దాటినా పూర్తిగా తీరలేదు. తీరినంత మేరకు వ్రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే దిద్దగలరు.

విరుదునగర్‌లో ఉన్నవారికి కౌశికా నదిని గురించి చెప్పనక్కరలేదు. లేనివారి కోసం నాలుగు మాటలు. పేరుకు నది గాని, మన ఇళ్ళలో ఏరు అనే అంటాము. వైపారు పరీవాహక ప్రాంతంలోని చిన్న ఏళ్ళలో ఇదొకటి. ఊరి పక్కగా పారి, దిగువన కుళ్ళూర్‌సందై జలాశయంలో చేరుతుంది. ఇది నల్లరేగడి సీమ, వానలు తక్కువ. కురిసేది కూడా ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనం వల్ల. తక్కిన నెలలలో ఏటిలో వాననీరు ఉండదు. అయినా ఊరి దగ్గర ఏరు ఎండదు. ఎందుచేత ఎండదో తరువాత చెపుతాను.

చక్కెరవ్యాధి బయటపడిన తరువాత వైద్యుని మాట మీద నేను ఆ ఏటిగట్టున నడక మొదలుపెట్టినాను. తెల్లవారుజామున ఇంటి నుండి బయలుదేరి, గట్టు వెంట వంతెన దాకా పోయి తిరిగి వచ్చేవాణ్ణి. వేపచెట్ల గాలి, కొంగలు, దూరాన రైలుకూత. నిజం చెప్పాలంటే నాలుగు నెలలకే ఆరోగ్యం మాట మరచి, ఆ సుఖం కోసమే పోయేవాణ్ణి. ఇంటికి రాగానే మనవాళ్ళందరికీ నోటికి వచ్చిన ఇరియావహియా పాఠం చెప్పుకొనేవాణ్ణి. దారిలో మన కాలి కింద నలిగే గింజలు, పచ్చిక, మంచుబొట్లు, చీమల పుట్టలు, నాచు, తడిమట్టి, సాలెగూళ్ళు — వీటన్నిటినీ తలచుకొని క్షమాపణ కోరే పాఠం గదా అది. గట్టు మీద రోజూ నేను తొక్కేవి సరిగా అవే. ఎప్పుడో నడిచి పోయిన పెద్దలెవరో మా ఏటిగట్టు చూసి వ్రాసినట్లుండేది.

ఒకనాటి ప్రవచనంలో సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారం మాట వచ్చినది. పని లేకుండా నేల త్రవ్వుట, నీరు చల్లుట, నిప్పు రాజేయుట, మొక్కలు త్రుంచుట, ఊరక తిరుగుట, ఇతరులను త్రిప్పుట — ఇవి ప్రమాదచర్య అనే అనర్థదండం కింద వస్తాయని వక్త చెప్పినారు. ఊరక తిరుగుట అనగానే నా గుండెలో రాయి పడినది. అవసరానికి చేసే హింసకు గృహస్థుకు కొంత మినహాయింపు కలదు. సుఖానికి గడ్డి తొక్కుకుంటూ పోయేవానికి ఏ మినహాయింపు కలదు? ఇది నా మొదటి సందేహం. దీనికి జవాబు దొరకక మునుపే రెండవది వచ్చి పడినది, అది ఇంకా పెద్దది.

రెండేండ్ల క్రితం కార్తీక పూర్ణిమ వెళ్ళిన తరువాత ఒక మునిమహారాజ్ ఇద్దరు శిష్యులతో మదురై వైపు నుండి మా ఊరికి వచ్చినారు. కోవిల్‌పట్టి మీదుగా కళుగుమలై చూడాలని వారి సంకల్పం. వారి పేరు వ్రాయుటకు అనుమతి అడుగలేదు గనుక వ్రాయను. ఊరి నుండి వారి వెంట నడిచే భాగ్యం మా నలుగురికి దక్కినది. కన్యాకుమారి పోయే నాలుగు వరుసల రహదారి, లారీల హోరు, వట్టి పాదాలు. నాకు మనసొప్పలేదు. "మహారాజ్, ఊరి మేరకైనా ఏటిగట్టు మీదుగా పోదాము. నీడ ఉన్నది, బండ్లు లేవు" అని మనవి చేసినాను. వారు గట్టు వైపు ఒకసారి చూసినారు. వానలు పడిన రోజులు. గట్టంతా పచ్చగా మొలిచి ఉన్నది. "నీడ మనకు ఉన్నది, శ్రావకజీ. వాటికి మన పాదం ఉన్నది" అని రహదారి అంచునే పట్టుకొన్నారు.

నడుస్తుండగా నాకొక విచిత్రం తోచి అడిగినాను. చాతుర్మాస్యం ఆషాఢం నుండి కార్తీకం వరకు. మగధ దేశపు వానలను బట్టి ఏర్పడిన నియమం. వానలో నేల మీద జీవాలు పుట్టలు విడిచి వస్తాయి, పచ్చిక మొలుస్తుంది, గనుక ముని ఒక చోట నిలవాలి. కాని మా సీమలో శ్రావణ భాద్రపదాలు ఎండలే. అసలు వాన కార్తీకంలోనే. అనగా మునులు ఇక్కడ ఎండిన నెలలలో కూర్చుండి, తడిసిన నెలలలో బయలుదేరుతున్నారు. దీనికేమందురు అని అడిగితే వారు నవ్వి, "పంచాంగం అందరికీ ఒకటే. అందుకే కళ్ళు ఎవరివి వారికిచ్చినారు" అన్నారు. ఈర్యాసమితిలో నాలుగు చేతుల మేర నేల చూసి అడుగు వేయాలని కదా నియమం. వారు ఆ మాట చెపుతూ కూడా నేల మీది నుండి చూపు ఎత్తలేదు.

ఊరి పొలిమేరలో ఒక కల్వర్టు ఉన్నది. దాని కింద మా బజారు మురుగుకాలువ ఏటిలోకి దిగుతుంది. అక్కడ వారు నిలిచినారు. నల్లని నీరు, దాని మీద నురుగు.

"ఈ నీరెక్కడికి పోతుంది, శ్రావకజీ?"

"ఏటిలోకి, మహారాజ్."

"ఆ తరువాత?"

నలభై ఏండ్లుగా ఆ ఊరిలో వ్యాపారం చేస్తున్నాను. ఆరేండ్లుగా ఆ ఏటిగట్టున నడుస్తున్నాను. ఏరు జలాశయంలో కలుస్తుందని పేరుకు తెలుసు గాని, ఆ నీరు ఏ చేల పక్కగా పోతుందో, ఎవరు ముట్టుకొంటున్నారో చూసినవాణ్ణి కాను. వంతెన దాటి ఒక్క అడుగు దిగువకు పోలేదు. "తెలియదు, మహారాజ్" అన్నాను. వారు ఇంకేమీ అనలేదు, ముందుకు నడిచినారు.

విరుదునగర్ నుండి కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. నాలుగు రోజులు పట్టినది. సాత్తూరులో వైపారు వంతెన దాటినాము. అగ్గిపెట్టెలకు పేరు పడిన ఊళ్ళ మధ్య నుండి, అగ్గిపుల్ల గీయరాని వ్రతం గలవారు నడిచిపోవడం చూసి మాలో ఒకాయన నవ్వినాడు గాని, వారి భిక్షకు ఆ దారిలో ఏ లోటూ రాలేదు. కోవిల్‌పట్టికి పడమట 20 కిలోమీటర్ల దూరాన కళుగుమలై. అక్కడ కొండరాతి మీద ఎనిమిదవ శతాబ్దం నుండి చెక్కిన తీర్థంకరుల వరుసలు, పార్శ్వనాథుడు, బాహుబలి, అంబిక, వట్టెళుత్తు శాసనాలు చూడని మనవారు తప్పక చూడాలి. చెక్కించినవారిలో గురువులు, శిష్యులు, కురత్తి అనబడే స్త్రీ గురువులు కూడా కలరు. వీరందరూ ఈ నల్లరేగడి మీద నడిచి వచ్చినవారే. మునులు చాలాసేపు అక్కడ కూర్చున్నారు. నా మనసు మాత్రం కల్వర్టు దగ్గరే ఉన్నది.

ఇంటికి వచ్చిన తరువాత మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చినది. గుంటూరులో మా పాత ఇంట బావి ఉండేది. నీరు తోడి గుడ్డతో వడకట్టిన తరువాత, ఆ గుడ్డలో మిగిలిన సూక్ష్మజీవాలను — జీవాణీ అంటాము — కొంచెం నీటితో చెంబులోకి జార్చి, ఆ బావిలోకే తిరిగి దించేది. పై నుండి కుమ్మరించేది కాదు. రెండు తాళ్ళు కట్టిన చెంబును నీటిమట్టం దాకా దించి, అక్కడ మెల్లగా వంచేది. ఏ బావి నీటి జీవాలు ఆ బావికే. కొలనుపాక యాత్రకు పోయినప్పుడు కూడా వడపోత గుడ్డ వెంట ఉండవలసినదే, తోడిన చోటికి మళ్ళీ పోవలసినదే. చిన్నప్పుడు ఇదొక చాదస్తంగా తోచేది. ఇప్పుడు ఆలోచిస్తే, నీటితో మన లెక్క కడుపులోకి పోగానే ముగియదని ఆమెకు తెలుసు. ఎక్కడి నుండి వచ్చినదో, ఎక్కడికి పోతున్నదో రెండూ పద్దులో ఉండాలి.

నేటి సంగతేమి? మా ఊరికి తామ్రపర్ణి నీరు గొట్టాలలో వస్తున్నది. మా ఇంట్లో నేటికీ కుళాయికి గుడ్డ కడతాము. ఆ గుడ్డ దులిపిన నీరు ఎక్కడికి పోవాలి? తామ్రపర్ణికి పోలేదు. తూముకు పోతుంది, తూము నుండి మురుగుకాలువకు, అక్కడి నుండి కౌశికకు. వేసవిలో ఏరు ఎండకపోవడానికి కారణం ఇదే. ఆ నెలలలో అందులో పారేది మేఘం నీరు కాదు, మన నీరు. మన స్నానాలు, మన పాత్రలు కడిగినవి, మన పాయిఖానాలు, మన గోదాముల కడుగు. ఆరేండ్లు నేను గాలి పీల్చుకొంటూ నడిచినది దాని పక్కనే.

ఆ మాఘమాసంలో ఒక ఆదివారం, నేల ఎండిన తరువాత, వంతెన దగ్గర వెనుదిరగకుండా దిగువకు నడిచినాను. గట్టు కొంత దూరం పోయి ముళ్ళలో మాయమైనది. తమిళంలో సీమై కరువేలం, మన జిల్లాలలో సర్కారు తుమ్మ. 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశాల మీద ఈ చెట్లను కొన్నాళ్ళు పీకినారు, నరికినారు. మొదలు మిగిలిన చోటల్లా మళ్ళీ లేచినది. ముళ్ళు తప్పించుకొని చేల గట్ల మీదికి ఎక్కి, మళ్ళీ ఏటిలోకి దిగి, మూడు గంటలకు పైగా నడిచినాను. గుర్రపుడెక్క, తుంగ. నీరు కదలని చోట దుర్వాసన. కొంచెం దిగువకు పోయిన తరువాత వాసన తగ్గుతుంది, కొంగలు కనబడతాయి, నీరు బాగుపడినదేమో అనిపిస్తుంది. అది భ్రమ.

ఒక వంపు దగ్గర తుమ్మకొమ్మలకు ప్లాస్టిక్ గోతాలు వేలాడుతున్నాయి. వరద వచ్చినప్పుడు తగులుకొన్నవి. అందులో ఒకదాని మీద ఎర్రసిరా గుర్తు. రంగు వెలిసినా పోల్చుకొన్నాను. అది మా కొట్టు గుర్తు. మా నాయన వేయించిన గుర్తు.

అక్కడ మేకలు కాచే ఒక ముసలమ్మ ఉన్నది. నేను ఇంటికి ఫోనులో తెలుగు మాట్లాడటం విని దగ్గరకు వచ్చినది. ఈ సీమ పల్లెలలో తెలుగు వినబడటం వింత కాదు. తెలుగువారు ఎట్లా నడిచి ఈ కరిసల్ నేలకు చేరినారో ఇడైసేవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ 1976లో గోపల్ల గ్రామం అనే నవలగా వ్రాసినారు. ఆయన ఇంటి భాషా తెలుగే.

"ఏ ఊరు సామీ?"

"విరుదునగర్ అమ్మా."

"అట్లయితే ఈ నీళ్ళు మీవే" అన్నది. కోపంగా అనలేదు. పొరుగింటివారి చెంబు మా ఇంట ఉన్నది, తీసుకొనిపొండి అన్నట్లు అన్నది. మేకలు ఈ నీరు తాగవా అని అడిగితే, "దప్పికైతే తాగుతాయి. మరునాడు పొట్ట చెడుతుంది" అన్నది. ఇంకొంచెం నడిస్తే కుళ్ళూర్‌సందై కట్ట కనబడినది. మునిమహారాజ్ ప్రశ్నకు జవాబు దొరికినది.

మనం తెలుగులో అనుకోకుండా జరిగిన దానిని ప్రమాదం అంటాము. రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం. ఎవరి తప్పూ లేదనే ధ్వని అందులో కొంత ఉన్నది. మన శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. ప్రమాదం అంటే ఏమరుపాటు. తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించినప్పుడు ప్రాణం తీయడంతో పాటు ఈ ప్రమాదాన్ని చేర్చినది. మన అనంతపురం జిల్లా కొనకొండ్లవారని సంప్రదాయం చెప్పే కుందకుందాచార్యులు ప్రవచనసారంలో ఇంకా స్పష్టంగా తేల్చినారు: జాగ్రత్తగా నడిచేవాని కాలి కింద జీవి చచ్చినా అతనికి హింసాబంధం లేదు, జాగ్రత్త లేనివాని కాలి కింద జీవి చావకపోయినా హింస నిశ్చయం. మనం తప్పించుకోవడానికి వాడే మాటతోనే శాస్త్రం మనలను పట్టుకొంటున్నది. నా పాదాల విషయంలో నేను జాగ్రత్తపరుణ్ణే. గట్టు మీద చీమలబారు కనబడితే దాటి అడుగు వేసేవాణ్ణి. నా తూము విషయంలో పూర్తిగా ఏమరి ఉన్నాను. ఆ మేకల దప్పిక నా నాలుగు చేతుల మేరలో లేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి, ఇది చాలామంది సాటి వర్తకులకు రుచించదు. మాది పప్పుల, మిరపకాయల వ్యాపారం. గోదాములో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టిస్తాము. గాలిలోని చెమ్మ తగలగానే అవి విషవాయువు విడిచి, చివరకు బూడిదవంటి పొడిగా మిగులుతాయి. సర్కాలాలను, తటాకాలను ఎండగట్టే వృత్తి శ్రావకునికి కూడదని పదిహేను కర్మాదానాలలో చెప్పినారు. విషవాణిజ్యం కూడా అందులోనే ఉన్నది. మేము విషం అమ్మడం లేదు, వాడుతున్నాము, ఇది ఉద్యోగి హింస అని సర్దిచెప్పుకొంటాము. ఆ సర్దుబాటు నిలుస్తుందా అని నాకు నేటికీ అనుమానమే. ఎండబెట్టి, వేపాకు వేసి, కందులకు ఎర్రమన్ను పట్టించి పది బస్తాలు కాపాడవచ్చును, వెయ్యి బస్తాలు కాపాడలేము. ఈ ప్రశ్నను పెద్దల ముందు పెట్టి వదులుతున్నాను. కాని ఆ మిగిలిన పొడి ఏమవుతున్నదని నేను ఏనాడూ అడుగలేదు. ఆ ఆదివారం తరువాత అడిగితే, ఊడ్చి తూములో పోస్తున్నామని కుర్రవాడు చెప్పినాడు. వానిదేమి తప్పు? పోయవద్దని చెప్పినవారెవరు?

ఏళ్ళన్నీ ఇట్లాగే ఉంటాయా అంటే ఉండవు. గత సంవత్సరం కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉన్నాను. కాంప్‌బెల్ అనే ఊరు. అక్కడ లాస్ గాటోస్ అనే వాగు వెంట మైళ్ళ కొద్దీ నడకదారి వేసినారు. ఒక పార్కు దాటితే ఇంకొక పార్కు, మధ్యలో వసోనా అనే చెరువు. దారికి తారు పోసి ఉన్నది. పచ్చిక తొక్కనక్కరలేదు గనుక మన మునులు నిశ్చింతగా నడవదగిన దారి; అయితే అక్కడికి నడిచి పోలేరు గదా అనుకొని నవ్వుకొన్నాను. చాలామంది కార్లలో వచ్చి, కార్లు నిలిపి, నడిచి, మళ్ళీ కార్లెక్కి పోతారు. ఇది మన శ్రావకాచారంలో ఏ పద్దు కిందికి వస్తుందో పండితులు చెప్పాలి. నన్ను ఆలోచింపజేసినది ఆ అందం కాదు. దారి పక్కన వరుసగా కుంటలు ఉన్నాయి. వాగునీటిని వాటిలోకి మళ్ళించి భూమిలోకి ఇంకిస్తారు. ఆ ఇంకిన నీరే ఆ లోయవారి భూగర్భజలం, తాగునీటిలో ఒక భాగం. తమ నోటికి తిరిగి వచ్చే నీరు గనుక కాపాడుకొంటున్నారు. వారు మనకంటె పుణ్యాత్ములని నేననుకోను. మనకు ఏరు నోటికి రావడం మానిన నాటి నుండి, తామ్రపర్ణి గొట్టం వచ్చిన నాటి నుండి, కౌశిక మన కంటికి కాలువ అయినది. నీరు దూరం నుండి వచ్చిన కొద్దీ పాపం దూరంగా పోయినట్లు కనబడుతుంది.

తిరిగి వచ్చి కొట్టులో కొన్ని మార్పులు చేయబోతే మా తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, బజారులో ఇన్ని కొట్లున్నవి. మనం ఒక్కళ్ళం మానితే ఏరు బాగుపడుతుందా? ఖర్చు మాత్రం మనకు" అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు. ఏరు బాగుపడదు, అది నాకూ తెలుసు. నేను వానికి వ్యాపారం భాషలోనే చెప్పినాను. మనది భాగస్వామ్య సంస్థ. 1932 నాటి చట్టం ప్రకారం సంస్థ అప్పుకు భాగస్వాములు అందరూ కలిసీ బాధ్యులే, ఒక్కొక్కరు విడిగానూ బాధ్యులే. అప్పులవాడు వచ్చి నీ ఒక్కడి గల్లా పట్టుకొంటే, నా వాటా నాలుగణాలే అంటే వినడు. ఏటి విషయంలో మన బజారంతా ఒక సంస్థ. ఆ ముసలమ్మ అప్పులది. ఆమె నన్ను అడిగినది. వాడు కాసేపు ఊరుకొని, "కర్మకు భాగస్వామ్య చట్టం వర్తించదు గదా" అన్నాడు. నిజమే. ఎవరి కర్మ వారిది, పంచుకోవడానికి వీలులేదు. అట్లయితే ఇంకా కష్టం, ఇతరుల తూములు చూపించి నా తూము మాఫీ చేసుకొనే దారి కూడా లేదు అన్నాను. తరువాత వాడు ఖర్చు సంగతి మాత్రమే మాట్లాడినాడు.

ఇప్పుడు చినిగిన గోతాలు లెక్కపెట్టి పాతగోతాల వ్యాపారికి ఇస్తున్నాము. బిళ్ళల పొడి మూత ఉన్న డబ్బాలో ఉంచి, మందు పెట్టడానికి వచ్చే లైసెన్సుదారులకే తిరిగి అప్పగిస్తున్నాము. గోదాము కడిగిన నీరు ఒక తొట్టిలో తేరిన తరువాతనే బయటికి పోతుంది. ఇంటి వెనుక ఇంకుడు గుంట తవ్వించినాము. స్నానాల నీరు అందులోకి పోతుంది. అన్నీ కలిపి ఏడాదికి 28,000 రూపాయలు పద్దు పడినది. పాయిఖానా నీరు ఇంకా బజారు కాలువలోకే పోతున్నది. దానికి నా దగ్గర ఉపాయం లేదు. పురసభ వారి దగ్గరకు ముగ్గురం కలిసి రెండుసార్లు పోయి వచ్చినాము, మళ్ళీ పోతాము.

నడక మానలేదు. మొదటి సందేహానికి, అనగా సుఖానికి నడవవచ్చునా అన్న దానికి, శాస్త్రప్రకారమైన జవాబు నాకు నేటికీ తెలియదు. వాన నెలలలో గట్టు ఎక్కడం మాత్రం మానినాను. ఆ రోజులలో బజారు వీధులలోనే తిరుగుతాను. ఎండిన నెలలలో వంతెన దగ్గర ఆగకుండా వీలైనంత దిగువకు పోతున్నాను. మా గుర్తున్న గోతాన్ని మొదటి రోజే తీసినాను. మొన్న పోయినప్పుడు దాని పక్కన వేలాడేవి కనబడినవి. వాటి మీద గుర్తులు ఇతరులవి. తీయాలా, వద్దా అని కొంతసేపు నిలబడి, చేతికి అందిన రెండు తీసినాను. ముసలమ్మ తన మేకలను ఆపి చూస్తున్నది. తక్కినవి ముళ్ళలో చాలా పైన ఉన్నవి.